సరీసృపాల గుడ్లను పొదిగించడం

బల్లులు, తొండలు, పాములు, తాబేళ్లు, మొసళ్లు పెట్టిన గుడ్లను గూట్లోంచి తీసి, మనిషి అమర్చిన వేడిలో, తేమలో ఉంచి, పిల్లలు బయటికి వచ్చేదాకా కాపాడడాన్ని కృత్రిమ పొదుగుదల అంటారు. జంతు ప్రదర్శనశాలల్లో, సముద్రతీర సంరక్షణ కేంద్రాల్లో, పరిశోధనశాలల్లో ఇది దశాబ్దాలుగా జరుగుతున్న పని. విదేశీ సరీసృపాలను ఇళ్లలో పెంచే అలవాటు పెరిగాక నగరాల మేడగదుల్లోకీ వచ్చింది. ఈ వ్యాసం ముఖ్యంగా బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండ గుడ్ల గురించి. హైదరాబాద్ పాతబస్తీకి దగ్గరున్న ఉస్మాన్‌గంజ్ లాంటి చోట వేడినీ తేమనూ ఎలా అదుపులో పెట్టాలన్నది ఇందులో ప్రధానాంశం. తెలుగు నేల మీద మొసలి, సముద్రపు తాబేలు గుడ్లను పొదిగించిన అనుభవం కూడా ఇందులో వస్తుంది.

ఈ విషయం మీద దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లు రాసినవి. వాటిలో ఇంక్యుబేటర్ అంటే గదిని మించిన వేడి పుట్టించే పెట్టె. హైదరాబాద్‌లో ఏడాదిలో సగం కాలం ఆ లెక్క పనికొస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం గదే గుడ్డు కంటే వేడిగా ఉంటుంది. అప్పుడు హీటరు ఎంత ఖరీదైనదైనా ఊరికే కూర్చుంటుంది.

కోడిగుడ్డు లెక్క ఇక్కడ పనికిరాదు

గుడ్లు పొదిగించడం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. పల్లెల్లో గంపలో ఇసుకో గడ్డో పరిచి కోడిని పొదగేయడం పాత పద్ధతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే. మురిగిన గుడ్డును వెలుతురుకు పట్టి గుర్తుపట్టడం హేచరీలో పనిచేసే ప్రతివాళ్లకూ తెలుసు. చిక్కల్లా ఈ తెలివిడిని ఉన్నదున్నట్టు తొండ గుడ్డుకు వాడడంతోనే వస్తుంది.

కోడిగుడ్డుకు 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి, 21 రోజుల గడువు. రోజుకు కొన్నిసార్లు దాన్ని తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుని చస్తుంది. పొదిగే కాలమంతా ఆ గుడ్డు తనలోని నీటిని కోల్పోతూ, బరువులో ఎనిమిదో వంతు వరకు తగ్గుతుంది. అలా తగ్గడం అవసరం కూడా, లేకపోతే పెద్దవైపు గాలిగది ఏర్పడదు.

తొండజాతి గుడ్డు ఇందుకు పూర్తిగా విరుద్ధం. పెంకు సున్నపు గట్టిదనంతో ఉండదు, తోలుకాగితంలా మెత్తగా ఉంటుంది. అది నీళ్లను బయటికి వదలడం కన్నా లోపలికి పీల్చుకోవడం ఎక్కువ. పెట్టిన రోజు కంటే పొదిగే చివరి వారాలకు బరువు రెట్టింపయ్యే గుడ్లు కూడా ఉంటాయి. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం పైభాగాన పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిరగేస్తే పచ్చసొన బరువు పిండం మీద పడుతుంది, లేత రక్తనాళాలు తెగుతాయి. అందుకే గూట్లోంచి తీసేటప్పుడే ప్రతి గుడ్డు పైవైపు మెత్తటి పెన్సిల్‌తో చిన్న గీత పెడతారు. ఇక ఆ గీత చివరిదాకా పైకే ఉండాలి. కోళ్ల ఇంక్యుబేటర్‌లో గుడ్లను తనంతట తానే తిప్పే అమరిక ఉంటే, దాన్ని విప్పి పక్కన పెట్టాకే ఈ పనికి వాడాలి.

జంతువు గురించి

బియర్డెడ్ డ్రాగన్లలో ఇళ్లలో పెంచేది ఎక్కువగా పోగోనా విటిసెప్స్ అనే జాతి. తూర్పు ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాలు దీని స్వస్థలం. కోపం వచ్చినప్పుడు గొంతు కింద ముళ్ల చర్మాన్ని ఉబ్బించి నల్లగా చేస్తుంది. శాస్త్రీయ వర్గీకరణలో ఇది అగామిడే కుటుంబానిది. మన పెరటి తొండ, హైదరాబాద్ శివారు బండల మీద ఎండ కాచుకునే రాతి తొండ కూడా ఆ కుటుంబానివే. అంటే ఉస్మాన్‌గంజ్ గోడ మీద తల ఊపే తొండకు ఇది దూరపు చుట్టం.

ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వాణిజ్య ఎగుమతిని ఎప్పుడో నిషేధించింది. కాబట్టి ప్రపంచమంతటా అమ్ముడయ్యే బియర్డెడ్ డ్రాగన్లు తరతరాలుగా మనుషుల మధ్య పుట్టి పెరిగినవే. ఈ జాతి ఇంతగా విస్తరించడానికి ఒక కారణం దాని గుడ్లు. ఆడది ఒక్కో విడతకు సాధారణంగా 15 నుంచి 30 గుడ్లు పెడుతుంది. మగదాని వీర్యాన్ని శరీరంలో దాచుకోగలదు కనుక ఒకే జతకట్టుతో కొన్ని వారాల ఎడంలో రెండు మూడు విడతలు పెట్టగలదు. గుడ్లతో నిండిన ఆడది మేత తగ్గించి, అస్తమానం నేల గీకుతూ తిరుగుతుంది. లోతుగా, చెమ్మగా ఉన్న ఇసుకమట్టి దొరక్కపోతే గుడ్లను కడుపులోనే బిగబట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఇంక్యుబేటర్ గురించి ఆలోచించే ముందు గుడ్లు పెట్టడానికి తగిన మట్టితొట్టి పెట్టాలి. పెంపకందార్లు తరచూ మరిచిపోయే పని ఇదే.

వేడి

బియర్డెడ్ డ్రాగన్ గుడ్లకు 28 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి భద్రమైనదని అనుభవం చెబుతోంది. 30 దగ్గర దాదాపు రెండు నెలల్లో పిల్లలు వస్తాయి. 28 దగ్గర మరో పది, పదిహేను రోజులు ఆలస్యమవుతాయి. వేడి పెంచి తొందరపెట్టిన పిల్లలు చిన్నవిగా, కొన్నిసార్లు వంకర వెన్నుతో పుడతాయి. రెండు వారాలు ఆదా చేసినందుకు కట్టే మూల్యం ఇది. ఇందులో లాభం కనబడదు.

వేడికి మరో పని కూడా ఉంది. అనేక సరీసృపాలలో పిల్ల ఆడదో మగదో తేల్చేది తల్లిదండ్రుల క్రోమోజోములు కావు, గూటి వేడి. ఈ సంగతిని మొదట గమనించింది మాడెలిన్ షార్నియే అనే ఫ్రెంచ్ పరిశోధకురాలు. 1966లో సెనెగల్‌లోని డకార్‌లో ఆమె అగామా అగామా అనే తొండ గుడ్లను వేర్వేరు వేడిలో ఉంచి చూసింది. చల్లగా ఉంచినవాటిలో ఆడవి, వెచ్చగా ఉంచినవాటిలో మగవి ఎక్కువగా పుట్టాయి. ఆ తొండ కూడా అగామిడే కుటుంబానిదే. శాస్త్రలోకం ఈ విషయాన్ని చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. తాబేళ్లలో, మొసళ్లలో అదే తీరు బయటపడ్డాకే దాని విలువ తెలిసింది.

బియర్డెడ్ డ్రాగన్ కథ ఇంకా చిత్రమైనది. దానికి లింగ క్రోమోజోములు ఉన్నాయి. కోళ్లలో మాదిరే మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. 32 డిగ్రీల లోపు ఈ క్రోమోజోముల మాటే చెల్లుతుంది, సగం మగవి, సగం ఆడవి పుడతాయి. వేడి అంతకు మించిన కొద్దీ జన్యువుల ప్రకారం మగవి కావలసిన పిండాలు ఆడవిగా మారడం మొదలవుతుంది. 36 డిగ్రీల దగ్గర పుట్టేవన్నీ దాదాపు ఆడవే. కాన్‌బెర్రా విశ్వవిద్యాలయానికి చెందిన బృందం 2007లో సైన్స్ పత్రికలో ఈ ఫలితాన్ని ప్రకటించింది. ప్రయోగశాలలో జరిగింది అడవిలో జరుగుతుందా అన్న అనుమానం మరో ఎనిమిదేళ్లు మిగిలింది. 2015లో క్లేర్ హాలీలీ, ఆర్థర్ జార్జెస్ తదితరులు నేచర్ పత్రికలో దానికి జవాబు ఇచ్చారు. అడవిలో పట్టిన 131 పెద్ద జంతువులను పరీక్షిస్తే వాటిలో 11 అలా మారిన ఆడవేనని తేలింది. అవి మామూలు ఆడవాటి కంటే ఎక్కువ గుడ్లు పెట్టాయి కూడా. అలాంటి ఆడది మామూలు మగదానితో జతకడితే పిల్లల్లో డబ్ల్యూ క్రోమోజోమ్ మిగలదు. ఇక ఆ సంతతిలో ఆడా మగా తేల్చేది పూర్తిగా వేడే. క్రోమోజోముల పద్ధతి నుంచి వేడి పద్ధతికి ఒక్క తరంలో మారిపోవడం జీవశాస్త్రంలో అరుదైన దృశ్యం.

పెంపకందారుకు దీనివల్ల తెలిసే విషయం తేలికైనది. మే నెలలో ఇంక్యుబేటర్ 34, 35 డిగ్రీలకు పోయి, అయినా గుడ్లు బతికి పిల్లలు బయటికి వచ్చాయంటే ప్రమాదం తప్పినట్టు కాదు. ఆ పిల్లల్లో కొన్ని మగవి కావలసి ఆడవైనవి అయివుంటాయి. పైకి చూసి చెప్పలేం. వాటి నుంచి వచ్చే రెండో తరంలో లెక్కలు తలకిందులవుతాయి.

సగటు వేడిని చూసి సంతృప్తి పడడం మరో పొరపాటు. పిండం వేడి వేళల్లో ఎక్కువగా, చల్లని వేళల్లో తక్కువగా ఎదుగుతుంది. పగలు 35, రాత్రి 25 ఉన్న పెట్టెలో సగటు 30 అని థర్మామీటర్ చెప్పినా, పిండం ఎదుగుదలలో ఎక్కువ భాగం 35 దగ్గరే జరిగిపోతుంది. తాబేళ్ల గూళ్ల మీద ఇదే ఆర్థర్ జార్జెస్ 1980లలో ఈ లెక్క కట్టాడు. అందువల్ల కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ కావాలి. దాని తీగ కొన గుడ్ల పక్కనే, గుడ్ల ఎత్తులోనే ఉండాలి. మూతకు అతికించిన థర్మామీటర్ మూత వేడినే చెబుతుంది.

తేమ

వేడి కంటే తేమ ఎక్కువగా తికమక పెడుతుంది. పుస్తకాల్లో 75 నుంచి 85 శాతం అని ఉంటుంది. ఆ అంకె గాలిలోని తేమది. కానీ మెత్తటి పెంకు గుడ్డు నీళ్లను ప్రధానంగా తాకుతున్న పరుపు నుంచి తీసుకుంటుంది. గాలి తేమ సరిగ్గా ఉండి పరుపు ఎండిపోతే గుడ్డు సొట్టపడుతుంది. పరుపులో నీళ్లు ఎక్కువైతే గుడ్డు అదుపు లేకుండా ఉబ్బి, పెంకు పలచబడి పగులుతుంది, లేదా పెంకు సూక్ష్మరంధ్రాలు నీటితో మూసుకుపోయి పిండానికి ప్రాణవాయువు అందదు. పిండం ఊపిరితిత్తులతో కాక పెంకు కింద పరుచుకున్న రక్తనాళాల పొరతో గాలి పీలుస్తుంది కనుక, తడిసి ముద్దయిన గుడ్డు మునిగినట్టే.

పరుపుగా ఎక్కువగా వాడేది వర్మిక్యులైట్. అభ్రకం జాతి ఖనిజాన్ని గట్టిగా వేడిచేస్తే పొరలు విచ్చుకుని తేలికపాటి పలుకులుగా ఉబ్బుతుంది. నెల్లూరు అభ్రకం ప్రాంతంలో, విశాఖ జిల్లాలో దీని నిక్షేపాలున్నాయి. మిద్దెతోటల వాళ్లకు మట్టిలో కలపడానికి అమ్మే సంచులు దీనికీ పనికొస్తాయి, ఎరువు కలిపినవి మాత్రం వద్దు. పెర్లైట్ కూడా మంచిదే. ఇసుక చవకే గానీ, నీళ్లను పట్టి ఉంచదు.

నీళ్ల కొలతను బరువులోనే చూసుకోవాలి. 100 గ్రాముల ఎండు వర్మిక్యులైట్‌కు 100 గ్రాముల నీళ్లు మామూలు పాళ్లు. ఘనపరిమాణంలో, అంటే గ్లాసుకు గ్లాసు కలిపితే పరుపు బురదవుతుంది, ఎందుకంటే వర్మిక్యులైట్ గాలితో నిండిన తేలిక పదార్థం. తూకం లేనప్పుడు పిడికిట గట్టిగా పిండి చూస్తారు. ముద్ద కట్టాలి, చుక్క రాలకూడదు. ఉస్మాన్‌గంజ్ ధాన్యం వ్యాపారి గింజను కొరికి ఆరిందో లేదో చెప్పినట్టు, కొన్నాళ్లకు చేతికే ఆ తేడా తెలిసిపోతుంది. అయినా తూకమే నయం. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. గుడ్లు, పరుపు, డబ్బా అన్నీ కలిపి మొదటి రోజే తూచి రాసుకుంటే, తర్వాత ఎంత తగ్గిందో అంత నీరు ఆవిరైనట్టు లెక్క. గుడ్డు పీల్చుకున్న నీరు డబ్బాలోనే ఉంటుంది కనుక మొత్తం బరువు మారదు. వారానికోసారి ఆ తగ్గిన మేర గోరువెచ్చని నీళ్లను డబ్బా అంచుల వెంట పోయాలి, గుడ్ల మీద కాదు.

గుడ్లను పరుపులో సగం దాకా కూర్చోబెట్టి, పైసగం గాలికి వదలాలి. మూతకు రెండు మూడు సన్నని రంధ్రాలు చాలు. మూత లోపల చెమ్మ చేరి చుక్కలు నేరుగా గుడ్ల మీద పడితే అక్కడే బూజు మొదలవుతుంది. డబ్బాను ఒక పక్కకు కొద్దిగా వాల్చితే చుక్కలు గోడ వెంబడి జారిపోతాయి. కొన్ని రోజులకోసారి మూత తీసి గాలి మార్చాలి. బూజు పట్టిన గుడ్డు ప్రతిదీ చచ్చిందని అనుకోకూడదు. మెత్తటి కుంచెతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి ఎర్రటి నరాలు కనిపిస్తే ఉంచవచ్చు. పసుపుపచ్చగా, సొట్టగా, నరాల జాడ లేకుండా రెండు వారాలు గడిస్తే అది గొడ్డు గుడ్డు.

చవక తేమ మీటర్లు పది శాతం అటూ ఇటూ తప్పు చెప్పడం మామూలే. వాటిని సరిచూసే పద్ధతికి కిరాణా సరుకు చాలు. చిన్న గిన్నెలో దొడ్డుప్పు పోసి, ముద్దగా అయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో సహా గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచాలి. ఉప్పు పూర్తిగా కరగకుండా తడిగా ఉన్నంతసేపు లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 68 చూపిస్తే ఏడు కలుపుకోవాలి. వేడి 25 ఉన్నా 30 ఉన్నా ఈ అంకె పెద్దగా మారదు కనుకనే ప్రయోగశాలల్లో కూడా ఉప్పునే వాడతారు.

ఉస్మాన్‌గంజ్ గదిలో ఏడాది

ఉస్మాన్‌గంజ్ మూసీకి ఉత్తరాన, మొజంజాహీ మార్కెట్, బేగంబజార్‌ల దగ్గర ఉన్న టోకు వ్యాపార వాడ. ధాన్యం, పప్పులు, బెల్లం, నూనెల గోదాములూ, వాటి మీద కాపురాలూ కలిసి ఉంటాయి. గుడ్లు పొదిగించేవాళ్లకు ఈ కట్టడాల తీరే మొదటి లెక్క. మందపాటి గోడల కింది గోదాములో పగటికీ రాత్రికీ తేడా తక్కువ. స్లాబు కిందున్న పై అంతస్తు గది మే సాయంత్రం బయటి గాలి కంటే వేడిగా ఉంటుంది, ఎందుకంటే పగలంతా తాగిన ఎండను సిమెంటు రాత్రి తొమ్మిది దాకా లోపలికి వదులుతూనే ఉంటుంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన, దక్కన్ పీఠభూమి మీద ఉంది. మే నెలలో పగటి సగటు గరిష్ఠం 39 డిగ్రీల దగ్గర. 1966 జూన్‌లో 45.5 కూడా నమోదైంది. డిసెంబరు, జనవరి రాత్రులు 15కు, అప్పుడప్పుడు ఇంకా కిందికి దిగుతాయి. ఆగస్టులో పగలు 30, రాత్రి 22 వరకు ఉంటుంది. ఈ మూడు రుతువులకూ ఒకే అమరిక చాలదు.

చలికాలం తేలిక. థర్మోకోల్ పెట్టె, తక్కువ వాట్ల హీటరు, నమ్మదగిన థర్మోస్టాట్ ఉంటే చాలు. వానాకాలం ఇంకా తేలిక, గది తానే 26, 28 మధ్య ఉంటుంది. గాలిలో తేమ ఎంత ఎక్కువంటే గోదాముల్లో బెల్లం దిమ్మలు చెమరుస్తాయి. 28 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని 30 డిగ్రీల పెట్టెలోకి తీసుకుంటే అక్కడ అది 72 శాతం అవుతుంది. పరుపు నుంచి ఆవిరి పెద్దగా పోదు. ఆ నెలల్లో నీళ్లు ఎక్కువ పోయడమే ప్రమాదం.

ఎండాకాలపు లెక్క వేరు. 40 డిగ్రీల్లో 20 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు 10 గ్రాముల నీటి ఆవిరే ఉంటుంది. దాన్ని 30 డిగ్రీలకు చల్లార్చినా తేమ 35 శాతాన్ని దాటదు. మూత తీసిన ప్రతిసారీ ఈ పొడిగాలి పరుపును పీల్చేస్తుంది. ఏసీ గది కూడా పొడిగాలే ఇస్తుంది. అయితే ఈ పొడితనంలోనే ఒక సౌకర్యం ఉంది. ఆ గాలిలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 23 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, అంటే నీళ్లు చల్లే ఎయిర్ కూలర్ గదిని 27, 28 దాకా దించగలదు. తెలంగాణ ఇళ్లలో రంజన్ కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలా ఆవిరి కావడం వల్లే. విశాఖపట్నంలో ఈ ఉపాయం సాగదు. అక్కడ 34 డిగ్రీల్లో 70 శాతం తేమ ఉంటే తడిగుడ్డ థర్మామీటరే 29 దగ్గర ఆగుతుంది, కూలరు ఉక్కపోతను పెంచడం తప్ప చేసేది లేదు. గుడ్ల సంగతికి వస్తే హైదరాబాద్ ఎండ విశాఖ ఉక్క కంటే మేలని చెప్పవచ్చు, కరెంటు ఉన్నంతవరకు.

కరెంటు పోతే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. ఇంక్యుబేటర్‌లో ఖాళీ చోటంతా నీళ్ల సీసాలతో నింపడం అందరికీ అందుబాటులో ఉన్న మార్గం. నీరు వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది కనుక పది సీసాలున్న పెట్టె గంటసేపు కరెంటు పోయినా ఒకటి రెండు డిగ్రీల కంటే కదలదు. వేసవిలో విడత వస్తుందని ముందే తెలిస్తే, చల్లబరచడం, వేడిచేయడం రెండూ చేయగల చిన్న థర్మోఎలక్ట్రిక్ పెట్టెను థర్మోస్టాట్‌కు కలపాలి. అదీ గది మరీ కాగిపోతే చేతులెత్తేస్తుంది. కాబట్టి కింది అంతస్తు, ఉత్తరపు గోడ, కూలరున్న గది ముందు చూసుకోవలసినవి. ఇవేవీ కుదరనివాళ్లు ఆ వేసవికి జంటను వేరుగా ఉంచడం ఉత్తమం. అయితే ఆడది వీర్యాన్ని దాచుకుంటుంది కనుక వేరు చేసిన తర్వాత కూడా ఒకటి రెండు విడతల గుడ్లు రావచ్చు.

హైదరాబాద్‌లో మొసలి గుడ్లు

ఈ నగరంలో సరీసృపాల గుడ్లను పెద్ద ఎత్తున పొదిగించిన చరిత్ర మొసళ్లది. 1970ల మొదటికి చర్మం కోసం వేట, నదుల మీద ఆనకట్టలు, గుడ్ల దొంగతనం కలిసి దేశంలో మూడు జాతుల మొసళ్లనూ అంతరించే స్థితికి తెచ్చాయి. 1975లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఆహార వ్యవసాయ సంస్థల సాయంతో మొసళ్ల సంరక్షణ పథకం ప్రారంభించింది. హెచ్.ఆర్. బస్టర్డ్ దానికి నిపుణ సలహాదారు. నదుల ఒడ్డున గూళ్లను గుర్తించి, గుడ్లను తీసుకొచ్చి పొదిగించి, పిల్లలను మీటరుకు పైగా పెరిగేదాకా సాకి మళ్లీ నీళ్లలో వదలడం ఆ పథకం పద్ధతి. అడవిలో పుట్టిన మొసలి పిల్లల్లో పెద్దవయ్యేవి బహు తక్కువ, కొంగలూ చేపలూ తాబేళ్లూ అన్నీ వాటిని తింటాయి. అందుకే ఆ మొదటి ఏళ్లను దాటించడం మీదే దృష్టి పెట్టారు.

మీర్ఆలం చెరువు పక్కన 1963లో ప్రజలకు తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఈ పనిలో భాగమైంది. మొసళ్ల పెంపకం, నిర్వహణలో అటవీ సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను హైదరాబాద్‌లోనే నెలకొల్పారు. 1978లో మంజీర నది మీద, గోదావరి ఒడ్డున మంథని దగ్గరి శివారంలో అభయారణ్యాలు ప్రకటించింది ప్రధానంగా మగ్గర్ అనే జాతి మొసళ్ల కోసమే. హైదరాబాద్ కుళాయిల్లోకి దశాబ్దాల పాటు నీళ్లిచ్చిన మంజీర జలాశయంలో మొసళ్లు ఉన్నాయని నగరవాసుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

మగ్గర్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఒడ్డున గొయ్యి తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు, తొలకరి వేళకు పిల్లలు వస్తాయి. పెంకు గట్టిది గనుక తొండ గుడ్డులా నీళ్లు పీల్చి ఉబ్బదు, అయినా తిప్పకూడదన్న నియమం దీనికీ ఉంది. సజీవమైన గుడ్డు పైభాగాన ఒకటి రెండు రోజుల్లో తెల్లని మచ్చ తేలి, క్రమంగా పట్టీలా చుట్టూ పాకుతుంది. అనుభవమున్న సిబ్బంది వెలుతురుకు పట్టకుండానే దీన్ని చూసి మంచి గుడ్లను ఏరతారు. పొదిగే కాలం నిండాక గుడ్డులోంచే పిల్లలు కూతపెడతాయి. అడవిలో ఆ కూత విని తల్లి గొయ్యి తవ్వుతుంది. హేచరీలో ఆ కూత వినవలసింది మనిషి.

మగ్గర్‌లో ఆడా మగా తేల్చేది వేడే. చెన్నై దగ్గర రోములస్ విటేకర్ 1976లో స్థాపించిన మద్రాస్ క్రొకడైల్ బ్యాంకులో జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, విటేకర్ కలిసి చేసిన పరిశోధన 1989లో వెలువడింది. 28 నుంచి 31 డిగ్రీల దాకా అన్నీ ఆడవి, 32.5 దగ్గర మగవి, దానికి అటూ ఇటూ కలగలుపు. అంటే ఒకటిన్నర డిగ్రీ తేడాతో ఒక హేచరీ మొత్తం ఒకే లింగపు పిల్లలను నదిలోకి వదిలే అవకాశం ఉంది. పథకం మొదలైన 1975 నాటికి మగ్గర్ గురించి ఈ లెక్క ఎవరికీ తెలియదన్నది గుర్తుంచుకోవాలి.

తీరంలో తాబేళ్లు

ఆంధ్ర తీరంలో జరిగేది మరో తరహా పొదుగుదల. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం చివర ఒడ్డుకొచ్చి, అర మీటరు లోతు గుంట తవ్వి నూరు పైచిలుకు గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు, అలల కోత నుంచి కాపాడడానికి అటవీ శాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు, స్థానిక మత్స్యకారులు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన హేచరీలో అదే లోతున, అదే ఆకారపు గుంటలో పూడుస్తారు. విశాఖ బీచ్ వెంబడి ఇలాంటివి ఏటా కనిపిస్తాయి. హీటరూ లేదు, థర్మోస్టాటూ లేదు. అన్నీ ఇసుకే చూసుకుంటుంది. గుడ్లను పెట్టిన కొద్ది గంటల్లోపు తరలించాలన్న నిబంధన వెనక ఉన్నది పైన చెప్పిన కారణమే: ఆలస్యమైతే పిండం అతుక్కుంటుంది, కదిపితే చస్తుంది.

ఇక్కడ లింగం లెక్క మగ్గర్‌కు భిన్నం. ఇసుక 30 డిగ్రీలకు అటుగా వేడెక్కిన కొద్దీ ఆడవి పెరుగుతాయి, చల్లబడితే మగవి. మార్చి, ఏప్రిల్‌లలో పూడ్చిన గుంటలకు నీడ వల కట్టేది ఇందుకే. గుంటలో గుడ్లు కూడా ఎదిగే కొద్దీ సొంతంగా కొంత వేడి పుట్టిస్తాయి కాబట్టి పక్క ఇసుకలో కొలిచిన అంకె కంటే లోపల ఎక్కువే ఉంటుంది. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి.

పెరటి తొండ

బియర్డెడ్ డ్రాగన్‌కు చుట్టమైన మన తొండ, కలోటిస్ వెర్సికలర్, ఏ ఇంక్యుబేటరూ లేకుండా హైదరాబాద్‌లో ఏటా ఈ పని చేసుకుంటూనే ఉంది. మగది గొంతు ఎర్రబడే కాలం తొలకరి. వానకు మెత్తబడ్డ నేలలో ఆడది అరచెయ్యి లోతు గుంట తీసి గుడ్లు పెట్టి, పూడ్చి, తలతో మట్టి అదిమి వెళ్లిపోతుంది. మట్టిలో తేమ, 26 నుంచి 30 దాకా వేడి, రెండూ ఆ నెలల్లోనే ఒకేసారి దొరుకుతాయి. పుస్తకం చెప్పే అంకెలన్నీ దాని గుంటలో ఉన్నాయి. దీనికి లింగ క్రోమోజోములు స్పష్టంగా కనబడవు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వేడి పెరిగే కొద్దీ ఆడ, మగ, మళ్లీ ఆడ, మళ్లీ మగ అనే నాలుగు దశల వింత తీరు కనిపించింది.

పెంపకందార్లకు ఇందులో ఒక సూచన ఉంది. హైదరాబాద్‌లో బియర్డెడ్ డ్రాగన్ గుడ్లకు అన్నిటికంటే అనువైన కాలం జులై నుంచి అక్టోబరు దాకా. మన తొండ ఎంచుకున్న కాలం కూడా దాదాపు అదే.

గుడ్డు విచ్చుకునే వేళ

చివరి వారంలో గుడ్డు ఉబ్బు తగ్గి సొట్టపడడం, పెంకు మీద చెమట బిందువుల్లా నీరు కనిపించడం మామూలు. గాబరాపడి నీళ్లు పోయకూడదు. పిల్ల ముక్కు కొనన ఉన్న చిన్న పన్నుతో పెంకును చీల్చి, తల బయట పెట్టి, ఒక పూట నుంచి ఒక రోజు దాకా అలాగే ఉండిపోతుంది. ఈ వ్యవధిలో మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. సాయం చేయబోయి బయటికి లాగితే బొడ్డు దగ్గర పచ్చసొన సంచి చిరిగి రక్తం పోతుంది. ఒకే విడతలోని గుడ్లన్నీ ఒకేసారి విచ్చుకోవు, రెండు మూడు రోజుల తేడా ఉంటుంది. పిల్ల రెండు మూడు గ్రాముల బరువుతో పుడుతుంది. లోపలి పచ్చసొనతోనే ఒకటి రెండు రోజులు గడుపుతుంది, ఆ తర్వాతే చిన్న కీచురాళ్లను వేటాడుతుంది. ఈ దశలో పిల్లలను కిక్కిరిసి ఉంచితే ఒకదాని తోక, వేళ్లు ఇంకొకటి కొరికేస్తుంది. ఒక విడతకు పాతిక పిల్లలంటే పాతికింటికీ మేత, వెలుతురు, ఎడం చూపించాలి. అంత తాహతు లేకపోతే గుడ్లను మొదటి రోజే ఫ్రీజరులో పెట్టి ఆపేయడం ప్రపంచమంతటా బాధ్యత గల పెంపకందార్లు పాటించే పద్ధతి.

చట్టం

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ఉడుము, నక్షత్ర తాబేలు, మొసలి, సముద్రపు తాబేళ్లు కఠిన రక్షణలో ఉన్నాయి. వాటి గుడ్లను తీయడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. హేచరీలన్నీ అటవీ శాఖ అనుమతితోనే నడుస్తాయి. విదేశీ జాతుల విషయంలో కేంద్ర పర్యావరణ శాఖ 2020లో స్వచ్ఛంద ప్రకటనకు అవకాశం ఇచ్చింది. చట్టానికి 2022లో చేసిన సవరణ, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందపు జాబితాలో ఉన్న జీవుల యాజమాన్యాన్ని, వాటికి పుట్టే పిల్లలను నమోదు చేయడం తప్పనిసరి చేసింది. ఆ నమోదుకు 2024లో నియమావళి వచ్చింది. ఏ జాతి ఏ జాబితాలో ఉందన్నది కాలక్రమంలో మారుతుంది కాబట్టి, జంటను కొనేముందే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. రశీదు లేకుండా సంతలో కొన్న జంతువుకు పుట్టిన పిల్లలకూ కాగితాలు ఉండవు.